క్నూట్ నెల్సన్: ల్యాండ్ ఆఫీసు గుమ్మం నుంచి సెనేట్ దాకా

అందరికీ నమస్కారం. ఇక్కడున్న మనలో చాలామంది ఐ-94 మీద ఫార్గో వైపు ఏదో ఒక రోజు వెళ్లినవాళ్లే. దారిలో మన మిన్నెసోటాలోనే ఉన్న అలెగ్జాండ్రియా తగులుతుంది. పిల్లలు అడిగితే ఆగి, ఆ పెద్ద వైకింగ్ బొమ్మ దగ్గర ఫొటో దిగుతాం. ఈ సాయంత్రం మాట్లాడబోయే మనిషి ఊరు అదే. క్నూట్ నెల్సన్. సెయింట్ పాల్‌లో శాసనసభ భవనం మెట్ల దగ్గర ఆయన కంచు విగ్రహం ఉంటుంది. 1928లో జాన్ కార్ల్ డేనియల్స్ చేశాడు. నార్వేలో పుట్టి ఈ దేశంలో ఒక రాష్ట్రానికి, అంటే మిన్నెసోటాకి, గవర్నరైన తొలి మనిషి ఆయన. తర్వాత 28 ఏళ్లు సెనేటర్.

పదవుల చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. నా వాదన ఒక్కటే. నెల్సన్ ఎన్ని పదవులు చేసినా బుద్ధి మాత్రం భూమి కాగితాలు చూసే గుమాస్తా బుద్ధే. ఆయన చేసిన మంచీ, చేసిన చెడూ రెండూ అందులోంచే వచ్చాయి. అందుకని ఆయన జీవితంకన్నా ముందు, ఆ కాగితాల గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. ఓపిక పట్టండి.

చిన్నతనం క్లుప్తంగా చెప్పేస్తాను. 1843 ఫిబ్రవరి 2న నార్వే పశ్చిమ భాగంలో వోస్ దగ్గర ఎవాంగర్‌లో పుట్టాడు. తల్లి ఇంగెబ్యోర్గ్‌కి అప్పటికి పెళ్లి కాలేదు. ఆ కాలపు నార్వే పల్లెలో అది చిన్న విషయం కాదు. 1849లో ఆరేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఆమె అమెరికా వచ్చింది. న్యూయార్క్‌లో దిగి షికాగో చేరేసరికి అక్కడ కలరా. తల్లి ఇళ్లలో పనికి కుదిరింది, పిల్లాడు వీధుల్లో పేపర్లు అమ్మాడు. తర్వాత ఆమె నిల్స్ ఓల్సన్ గ్రోట్‌లాండ్ అనే రైతును చేసుకుంది, విస్కాన్సిన్‌కి మారారు, అక్కడ కొష్కొనాంగ్ అనే నార్వేజియన్ల పల్లెపట్టులో పిల్లాడు సవతి తండ్రి పొలంలో పనిచేస్తూ పెరిగాడు. నెల్సన్ అనే ఇంటిపేరు ఆ నిల్స్ పేరులోంచి వచ్చిందే. ఆల్బియన్ అకాడమీలో చదువుతుండగా 1861లో అంతర్యుద్ధం మొదలైంది. 4వ విస్కాన్సిన్ పటాలంలో చేరాడు. 1863 జూన్‌లో లూయిజియానాలోని పోర్ట్ హడ్సన్ దగ్గర గాయపడి శత్రువుకు చిక్కాడు. ఆ కోట జూలైలో లొంగిపోవడంతో బయటపడ్డాడు. తిరిగొచ్చి చదువు ముగించి, మాడిసన్‌లో విలియం విలాస్ అనే లాయరు ఆఫీసులో లా నేర్చుకుని, 1867లో ప్రాక్టీసు పెట్టాడు. విస్కాన్సిన్ అసెంబ్లీలో రెండు విడతలు కూర్చున్నాడు. 1871లో ఆ పలుకుబడంతా వదులుకుని అలెగ్జాండ్రియా వచ్చాడు.

ఎందుకు వచ్చాడు? అలెగ్జాండ్రియాలో అప్పుడు రైలు లేదు. 1878 దాకా రాలేదు. కానీ ప్రభుత్వ ల్యాండ్ ఆఫీసు ఉంది. భూమి కోసం వచ్చేవాడెవడైనా ఆ గుమ్మం ఎక్కాల్సిందే. వాళ్లలో సగానికి సగం ఇంగ్లీషు సరిగా రాని నార్వేజియన్లు, స్వీడన్ వాళ్లు. వాళ్ల భాష తెలిసిన లాయరు ఆ ఊళ్లో కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఊరి అంచున తను కూడా ఒక హోమ్‌స్టెడ్, అంటే కాపురముండి సాగు చేస్తానని ప్రభుత్వం దగ్గర తీసుకునే నేల, పెట్టుకున్నాడు. చనిపోయేదాకా ఇల్లూ పొలమూ అవే.

ఇప్పుడు కాగితాల సంగతి. హోమ్‌స్టెడ్ చట్టం 1862లో వచ్చింది, 1863 జనవరి 1 నుంచి అమలు. 160 ఎకరాలు ఊరికే ఇస్తారని మనం చదువుకున్నాం. ఊరికే కాదు. మామూలు ధర భూమికి అన్నీ కలిపి సుమారు 18 డాలర్ల ఫీజు, ఐదేళ్ల కాపురం, సాగు. ఇరవయ్యొక్క ఏళ్లు నిండినవాళ్లు గాని, కుటుంబ పెద్ద గాని పెట్టుకోవచ్చు. పెళ్లికాని ఆడవాళ్లు, భర్త పోయినవాళ్లు కూడా. భర్త ఉన్న ఆవిడకు మాత్రం విడిగా రాదు.

మొదటి పని, నేల వెతకడం కాదు, హద్దు గుర్తు వెతకడం. ప్రభుత్వ సర్వేవాళ్లు ముందే దేశాన్ని గళ్లుగా కోసి పెట్టారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు. ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దానిలో నాలుగో వంతు, అంటే ఒక క్వార్టర్, 160. మూల ఎక్కడుందో చూపించే గుర్తు అడవిలో అయితే చెట్టు మీద గాటు, మైదానంలో అయితే కాల్చిన గూటం, చుట్టూ తవ్విన గుంటలు, వాటి మట్టితో చిన్న దిబ్బ. నాలుగేళ్లు గడ్డి పెరిగి, గడ్డి కాలి, ఆ గూటం పోతే దిబ్బ ఆనవాలే మిగులుతుంది. అది దొరక్కుండా కళ్లంచనాతో ఇల్లు కట్టినవాడి ఇల్లు పక్కవాడి క్వార్టర్‌లో తేలేది. బావి తవ్వాక తెలిస్తే ఇంకా నష్టం.

రెండోది, ఆ సెక్షన్ ప్రభుత్వానిదేనా అన్నది. 16, 36 నంబర్లు బడులకు. రైలు దారికి అటూ ఇటూ కొన్ని మైళ్ల మేర బేసి నంబర్లన్నీ రైల్వే కంపెనీవి. సరి నంబర్లు మిగులుతాయి, కానీ ఆ హద్దుల్లో మామూలు మనిషికి 160 బదులు 80 ఎకరాలే ఇచ్చేవారు. 1879లో గాని అది పూర్తిగా మారలేదు. ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్లకు మాత్రం అంతకుముందే 160 ఇచ్చారు, పైగా సైన్యంలో ఉన్న కాలాన్ని ఐదేళ్లలో తగ్గించారు. ఏడాదైనా నేల మీద ఉండాలి, అంతే. నెల్సన్ లాంటి పాత సిపాయిలు అక్కడ గుంపులుగా చేరడానికి ఇదొక కారణం.

మూడోది పౌరసత్వం. విదేశీయుడైతే "నేను పౌరుణ్ణి కాబోతున్నాను" అని కోర్టులో ముందు ప్రకటన ఇచ్చి ఉండాలి. దాన్ని మొదటి కాగితాలు అనేవారు. ఐదేళ్ల తర్వాత పట్టా కావాలంటే పూర్తి పౌరసత్వం చూపాలి. ఇక్కడే నార్వేజియన్లకు ఇబ్బంది వచ్చేది. తండ్రి పేరు మీద ఒక చోట ఓలె ఓల్సన్ అని రాయించుకుంటాడు. ఇంకో చోట తన పాత ఊరి పొలం పేరు పెడతాడు. కోర్టులో ఒక పేరు, ల్యాండ్ ఆఫీసులో ఒక పేరు. ఇద్దరూ ఒక్కడే అని ప్రమాణపత్రం పెట్టకపోతే ఫైలు వాషింగ్టన్‌లో ఆగిపోయేది. నెల్సన్ లాంటి లాయర్లకు కూడు పెట్టినవి ఇలాంటివే.

ఇక ఐదేళ్లు నిండాక, ఏడేళ్లు దాటకుండా, తుది రుజువు. ఇద్దరు సాక్షులు కావాలి. 1879 తర్వాత అయితే దగ్గరలోని పత్రికలో సాక్షుల పేర్లతో సహా ముప్ఫై రోజులు ప్రకటన వేయాలి. అప్పటి పల్లె పత్రికలు చాలావరకు ఈ ప్రకటనల డబ్బుతోనే బతికాయి. సాక్షిని అడిగే ప్రశ్నలు చాలా సూటిగా ఉండేవి. ఇల్లు ఎన్ని అడుగులు, ఎన్ని తలుపులు, కిటికీలు, ఎన్ని ఎకరాలు దున్నాడు, ఎన్నాళ్లు ఊళ్లో లేడు. ఆరు నెలలకు మించి నేల వదిలి పోతే వదులుకున్నట్టే. చలికాలంలో కర్ర కొట్టే క్యాంపులకో, రైలు పనికో పోయి నాలుగు డాలర్లు తెచ్చుకోకపోతే ఇల్లు గడవదు. పోయి ఎక్కువ రోజులు ఉండిపోతే పక్కవాడు కాంటెస్టు వేస్తాడు, అంటే వీడు నేల వదిలేశాడని ల్యాండ్ ఆఫీసులో ఫిర్యాదు పెడతాడు. 1880 చట్టం తర్వాత కాంటెస్టు గెలిచినవాడికే ఆ భూమి మీద ముప్ఫై రోజులు ముందు హక్కు. దాంతో కాంటెస్టు వేయడం కొందరికి వ్యాపారమే అయింది.

ఐదేళ్లు ఆగలేనివాడు ఆరు నెలల తర్వాత ఎకరాకు డాలరున్నర లోపే, అంటే ఒక డాలరు పాతిక సెంట్లు, కట్టి కొనేసుకోవచ్చు. చదవడానికి మంచి వెసులుబాటు. ఆచరణలో పైన్ చెట్లున్న నేలల్లో కలప కంపెనీలు కూలీ మనుషుల చేత దరఖాస్తులు పెట్టించి, ఆరు నెలలు కాగానే డబ్బు కట్టించి, మర్నాడే తమ పేర రాయించుకునేవి. ఈ కలప కంపెనీలు తర్వాత మన కథలోకి వస్తాయి, గుర్తుంచుకోండి.

సరే, కాగితం చేతికొచ్చింది. ఇప్పుడు నేల. గడ్డి మైదానంలో మొదటి దుక్కి మన దుక్కుల్లాంటిది కాదు. వందల ఏళ్ల గడ్డి వేళ్లు చాపలా అల్లుకుని ఉంటాయి. మూడు నాలుగు జతల ఎద్దులు, పొడవాటి వంపు రెక్క ఉన్న ప్రత్యేకమైన నాగలి. లోతు రెండు మూడు అంగుళాలే. ఇక్కడ కొత్తవాళ్లు తప్పు చేసేవారు, లోతుగా దున్నితే మంచిదనుకుని. లోతుగా పోతే బెడ్డ మందంగా లేస్తుంది, కుళ్లదు. పల్చగా తిరగేసిన గడ్డి పొర మాత్రం వేసవి ఎండకూ వానకూ కుళ్లుతుంది. కాలం కూడా చూసుకోవాలి. మే చివర నుంచి జూన్ దాకా, గడ్డి బాగా ఏపుగా ఉన్నప్పుడు. జూలై దాటాక దున్నితే గడ్డి వేళ్లలో సత్తువ దిగిపోయి ఉంటుంది, చావదు, మళ్లీ చిగురిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో అదే చాలును ఒక అంగుళం రెండంగుళాలు ఇంకా లోతుగా వెనక్కి తిప్పుతారు. ఆపైన దంతె తోలి వదిలేస్తే, వచ్చే ఏప్రిల్‌కి గోధుమకి సిద్ధం. అంటే మొదటి ఏడాది గోధుమ లేనట్టే. ఆ ఏడు బెడ్డల సందుల్లో గొడ్డలితో గాటు పెట్టి మొక్కజొన్నో బంగాళదుంపో నాటుకునేవారు. ఎద్దులు లేనివాడు దున్నించుకుంటే ఎకరాకు 3 నుంచి 5 డాలర్లు. ఇప్పుడు ఆ 18 డాలర్ల మాటకి రండి. పది ఎకరాలు పగలదీయించుకునేసరికే దానికి దాదాపు రెండింతలో, అంతకు మించో అయింది. ఇల్లు, ఎద్దులు, బండి, ఆవు, విత్తనం అన్నీ దానికి పైన. అప్పు లేకుండా హోమ్‌స్టెడ్ నిలబెట్టుకున్నవాళ్లు తక్కువ. అలెగ్జాండ్రియా ఉన్న డగ్లస్ కౌంటీలో మరో చిక్కు. అక్కడ మైదానం, అడవి, సరస్సులు కలగలిసి ఉంటాయి. కర్రకీ నీటికీ లోటు లేదు గాని, మోడులు పెకలించడమంటే ఏళ్ల పని.

విత్తనం ఎకరాకు బుషెలుంబావు నుంచి బుషెలున్నర. గోధుమ బుషెల్ అంటే 60 పౌన్లు, మన లెక్కలో 27 కిలోల పైచిల్లర. కాటుక తెగులు రాకుండా విత్తనాన్ని మైలుతుత్తం నీళ్లలో తడిపి ఆరబెట్టేవారు. అది మానేస్తే నూర్చిన గోధుమ నల్లగా, చేపల కంపు కొట్టేది. ఆపైన 1873 నుంచి 1877 దాకా మిడతలు. రేకు పళ్లేనికి తారు పూసి, గుర్రంతో పొలం మీద ఈడ్పించి మిడతల్ని పట్టేవారు. పట్టినవి పట్టగా, గుడ్లు నేలలో ఉంటాయి. చలికాలానికి ముందు దున్నితే కొన్ని చస్తాయి. మిగిలినవి వసంతంలో లేస్తాయి. నెల్సన్ రాష్ట్ర సెనేట్‌లో కూర్చున్నది ఈ కాలంలోనే, 1875 నుంచి 1878 దాకా. ఆ ఏళ్లలో విత్తనాల కోసం అర్జీ పెట్టని పడమటి కౌంటీ లేదనవచ్చు.

పంట చేతికొచ్చాక అసలు గొడవ. మనలో రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు వడ్ల కొనుగోలు కేంద్రంలో తరుగు తీయడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అచ్చం అదే. ఎలివేటర్ అంటే రైలు పట్టాల పక్కన నిలువుగా కట్టిన ధాన్యం కొట్టు. రైతు బండి తోలుకొస్తాడు. కొట్టువాడు చేత్తో కొంత గోధుమ తీసి చిన్న ఇత్తడి గిన్నెలో పోసి, కర్రతో పైన చదును చేసి, త్రాసుకు తగిలిస్తాడు. నంబర్ వన్ హార్డ్ అనే మేలు రకానికి బుషెల్‌కు 58 పౌన్లు తూగాలి. తగ్గితే కింది రకం. ఇప్పుడు ఆ గిన్నెను దగ్గరగా చూడండి. పైనుంచి ధారగా పోస్తే గింజలు ఒత్తుకుని ఎక్కువ పడతాయి. అంచు దగ్గర నుంచి మెల్లగా జార్చితే మధ్య ఖాళీలు మిగిలి బరువు తగ్గుతుంది. గిన్నె కొంచెం కదిపితే ఒక లెక్క, కదపకపోతే ఒక లెక్క. ఒక పౌను తేడాతో రకం మారిపోతుంది. పైగా తరుగు వేరే. బండిలో 50 బుషెళ్లుంటే 3,000 పౌన్లు. అడవి ఓట్లు, ఆవగింజల కలుపు ఉన్నాయని బుషెల్‌కు రెండు పౌన్లు కోస్తే 100 పౌన్లు, అంటే దాదాపు బుషెల్‌న్నర పైన పోయినట్టే. ఆ కోసిన తాలును కొట్టువాడు జల్లించి పశువుల దాణాకి అమ్ముకుంటాడు. రెండో రకంగా కొన్న గోధుమను మొదటి రకంలో కలిపి మొదటి రకం ధరకే మినియాపొలిస్‌లో అమ్ముతాడు. వేరే చోటికి పోదామంటే రైల్వే తన స్థలంలో చిన్న వ్యాపారికి చోటివ్వదు, పెట్టె ఇవ్వదు.

ఈ ఇత్తడి గిన్నె మిన్నెసోటా రాజకీయాలనే నడిపింది. 1878లో రైతుల పక్షాన మాట్లాడే ఇగ్నేషియస్ డానెలీ అనే నాయకుడు దీన్నే ఎన్నికల అంశం చేసి, మినియాపొలిస్ పిండి మిల్లుల దొర విలియం వాష్‌బర్న్ మీద కాంగ్రెస్‌కి పోటీ చేసి ఓడాడు. నెల్సన్ కథలో ఇద్దరూ మళ్లీ కనబడతారు. 1892 గవర్నరు ఎన్నికల్లో డానెలీ రైతుల పక్షమైన పాపులిస్టు పార్టీ తరఫున నెల్సన్ మీద నిలబడి మూడో స్థానంలో మిగిలాడు. 1895లో వాష్‌బర్న్ సెనేట్ సీటును నెల్సనే లాక్కున్నాడు.

అక్కడికి వచ్చేముందు కాంగ్రెస్ ఘట్టం చెప్పాలి. 1882లో ఐదో డిస్ట్రిక్ట్. ప్రత్యర్థి చార్ల్స్ కిండ్రెడ్, నార్దర్న్ పసిఫిక్ రైల్వే భూముల వ్యవహారాలు చూసిన మనిషి, నీళ్లలా డబ్బు పోశాడు. మిన్నెసోటాలోని డెట్రాయిట్ (ఇప్పటి డెట్రాయిట్ లేక్స్) ఊళ్లో పెట్టిన పార్టీ సభ తోపులాటలో రెండుగా చీలి ఎవరి అభ్యర్థిని వాళ్లు ప్రకటించుకున్నారు. నవంబరులో నెల్సన్ గెలిచాడు. నార్వేజియన్ల ఓటు ఎంత పెద్దదో రిపబ్లికన్ పార్టీకి అప్పుడు అర్థమైంది. 1883 నుంచి 1889 దాకా మూడు విడతలు. 1888లో సుంకాలు తగ్గించే మిల్స్ బిల్లుకి తన పార్టీని కాదని ఓటేశాడు. పడమటి రైతు ఇంటికి కర్ర, ఉప్పు, ఉన్ని బట్ట అన్నీ కొనుక్కోవాల్సినవే. ఆ బిల్లు కర్ర, ఉప్పు, ఉన్ని మీద సుంకం ఎత్తేయాలంది. ఆయన దృష్టిలో అది పార్టీ సంగతి కాదు, ఇంటి ఖర్చు సంగతి.

గవర్నరుగా 1893లో ఆయన పట్టుబట్టి తెచ్చింది ధాన్యం కొట్ల చట్టం. అంతకుముందు 1885 చట్టం మినియాపొలిస్, సెయింట్ పాల్, దులుత్ లాంటి పెద్ద చోట్ల కొట్లనే చూసేది. రైతు మోసపోయేది పల్లె స్టేషను దగ్గర కదా. రైల్వే స్థలంలో ఉన్న పల్లె కొట్లు లైసెన్సు తీసుకోవాలి, రాష్ట్ర రైల్వే, వేర్‌హౌస్ కమిషన్ చెప్పుచేతల్లో ఉండాలి అన్నది దీని సారం. ఇక్కడ ఆయన నేర్పు చూడండి. ప్రైవేటు వ్యాపారాన్ని ముట్టుకుంటే కోర్టు కొట్టేస్తుంది. రైల్వే స్థలమంటే ప్రజా ప్రయోజనం కోసం ఇచ్చిన నేల, దాని మీద నడిచే వ్యాపారానికి షరతు పెట్టొచ్చు. హద్దురాయి చూసుకుని ఇల్లు కట్టినట్టే కట్టాడు. అదే ఏడు పాపులిస్టుల ఒత్తిడితో దులుత్‌లో ప్రభుత్వమే ఎలివేటర్ కట్టాలని ఇంకో చట్టం వచ్చింది. 1894లో రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. లైసెన్సుల పద్ధతి మాత్రం నిలిచింది. ఈ కోవలోనే 1895లో వచ్చిన చట్టం మీద కార్గిల్ కంపెనీ దేశ సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1901లో ఓడిపోయింది. తరుగు మోసం దీంతో ఆగిందా అంటే ఆగలేదు. ఫిర్యాదు చేయడానికి ఒక చోటు దొరికింది, అంతవరకే.

1894 సెప్టెంబరు 1న హింక్లీ మంటలు. నాలుగు వందల మందికి పైగా పోయారు. కారణం వానలు లేకపోవడం ఒక్కటే కాదు. పైన్ చెట్లు నరికి దుంగలు తీసుకుపోయిన కంపెనీలు కొమ్మలూ తలలూ అక్కడే వదిలేశాయి. ఎండిన ఆ చెత్త మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంది. నెల్సన్ చార్ల్స్ పిల్స్‌బరీ అధ్యక్షతన సహాయ సంఘం వేశాడు. మరుసటి ఏడు రాష్ట్రం అడవి మంటల కాపలాకు చట్టం చేసింది. అప్పటికి నెల్సన్ వాషింగ్టన్ చేరాడు. రెండోసారి గవర్నరుగా గెలిచి, జనవరిలో ప్రమాణం చేసి, ఆ నెలలోనే శాసనసభ చేత సెనేట్‌కి ఎన్నికై రాజీనామా ఇచ్చాడు. ప్రచారంలో సెనేట్ ఊసు లేదన్నట్టు మాట్లాడి చివర్లో ఇలా చేశాడని వాష్‌బర్న్ వర్గం ఆయన్ని ఎప్పటికీ క్షమించలేదు. క్షమించాల్సిన పనీ లేదు.

సెనేట్‌లో 1898 దివాలా చట్టం ఆయన పేరుతో ముడిపడింది. అప్పులవాళ్లు కోర్టుకెళ్లి బాకీదారుణ్ణి బలవంతంగా దివాలా తీయించే వీలు అందులో ఉంది. కానీ కూలి మీద బతికేవాణ్ణి, ముఖ్యంగా సేద్యం మీద బతికేవాణ్ణి అలా లాగకూడదని స్పష్టంగా మినహాయించారు. పంట పోయిన ఏడు అప్పు తీర్చలేకపోవడం దివాలా కాదని తెలిసినవాడి చేయి అందులో కనబడుతుంది. 1903లో వాణిజ్య, కార్మిక శాఖ ఏర్పడింది కూడా ఆయన పెట్టిన బిల్లు మీదే.

ఇప్పుడు కష్టమైన భాగం. 1889 జనవరి 14న సంతకమైన నెల్సన్ చట్టం. మిన్నెసోటాలో ఓజిబ్వే అనే మూలవాసి జాతి వాళ్ల రిజర్వేషన్లను, అంటే వాళ్లకని కేటాయించిన భూములను, వైట్ ఎర్త్, రెడ్ లేక్ తప్ప, ప్రభుత్వానికి రాయించుకుని, జనాన్ని వైట్ ఎర్త్‌కి తరలించి, మనిషికింత అని విడివిడిగా భూమి పంచాలన్నది పథకం. వయసొచ్చిన మగవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. హెన్రీ రైస్ ఆధ్వర్యంలో కమిషన్ వెళ్లి సంతకాలు సేకరించింది. మిగులు భూమి సేద్యానికి పనికొచ్చేదైతే ఎకరా డాలరు పాతిక సెంట్లకు హోమ్‌స్టెడ్ వాళ్లకు. పైన్ ఉన్నదైతే నలభై ఎకరాల ముక్కలుగా వేలం. వచ్చిన డబ్బు ఖజానాలో యాభై ఏళ్లు ఐదు శాతం వడ్డీకి.

కాగితం మీద ఎంత పద్ధతిగా ఉందో చూడండి. అంగీకారం ఉంది, వెల ఉంది, వడ్డీ ఉంది. నెల్సన్ దాదాపు ఇరవై ఏళ్లు చూసిన ల్యాండ్ ఆఫీసు పద్ధతే, ఓజిబ్వే వాళ్ల మీదికి తిప్పాడు. తేడా ఎక్కడంటే, నార్వే నుంచి వచ్చినవాడు ఆ పద్ధతిని కోరుకుని గుమ్మం ఎక్కాడు. వీళ్లది అప్పటికే తమ నేల. వేటకీ, అడవి వడ్లకీ, మేపుల్ చక్కెరకీ, చేపలకీ కాలాన్ని బట్టి తిరిగే ఊరివాళ్లందరిదీ. దాన్ని 80, 160 ఎకరాల ముక్కలు చేస్తే ఆ ముక్కలో సరస్సు ఉండకపోవచ్చు. పైన్ అంచనా వేయడానికి వెళ్లినవాళ్లు చెట్లను తక్కువ చేసి రాశారని తేలి మళ్లీ లెక్కలు తీయాల్సొచ్చింది. పడిపోయిన, ఎండిన చెట్లు మాత్రమే అమ్మొచ్చన్న ఇంకో నిబంధనను వాడుకుని పచ్చి చెట్లకే నిప్పు పెట్టి "ఎండినవి" చేసిన కంపెనీలూ ఉన్నాయి. ఆ కడుపుమంట 1898 అక్టోబరులో లీచ్ లేక్ ఒడ్డున షుగర్ పాయింట్ దగ్గర కాల్పులదాకా పోయింది. ఆరుగురు సైనికులు చనిపోయారు. రెడ్ లేక్ వాళ్లు మాత్రం లక్షల ఎకరాలు పోగొట్టుకున్నా, మిగిలినదాన్ని ముక్కలు చేసి పంచడానికి ససేమిరా అన్నారు. ఈ రోజుకీ ఆ భూమి ఉమ్మడిగానే ఉంది. వైట్ ఎర్త్‌లో 1906లో కాంగ్రెస్ పెట్టిన మరో సవరణతో మిశ్రమ సంతతివాళ్లు తమ ముక్కలు అమ్ముకోవచ్చన్నారు. కొద్ది ఏళ్లలోనే ఎక్కువ భాగం చేతులు మారింది. ఆ హక్కుపత్రాల చిక్కులు 1986లో కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసేదాకా నలిగాయి.

అలాస్కాలోనూ ఇదే తీరు. 1905 నెల్సన్ చట్టం అక్కడ రోడ్లకు, బడులకు డబ్బిచ్చింది. ఆ బడులు తెల్లవాళ్లకు, "నాగరిక జీవితం" గడిపే మిశ్రమ సంతతి పిల్లలకు. మూలవాసుల పిల్లలకు వేరే ఏర్పాటు.

ఆయన దురుద్దేశంతో చేశాడని నేను అనను. అనకపోయినా బాధ్యత తగ్గదు. పేరు ఆయనదే. 1923 ఏప్రిల్ 28న వాషింగ్టన్ నుంచి ఇంటికి వస్తుండగా మేరీలాండ్‌లో టిమోనియం దగ్గర రైల్లోనే పోయాడు. ఎనభై ఏళ్లు. అలెగ్జాండ్రియాలో సమాధి చేశారు.

(సభలోంచి ప్రశ్న: ఆ రోజుల్లో మనవాళ్లు వచ్చుంటే హోమ్‌స్టెడ్ దొరికేదా?)

మొదటి కాగితాల దగ్గరే ఆగిపోయేది. 1790 చట్టం ప్రకారం "స్వేచ్ఛ గల తెల్లవాళ్లకే" పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతిని కలిపారు. నార్వేవాడిని ఎవరూ ప్రశ్నించలేదు. భారతీయుల సంగతి కొన్ని కోర్టుల్లో ఒకలా, కొన్నింట్లో ఇంకోలా నడిచింది. 1923 ఫిబ్రవరిలో, నెల్సన్ పోవడానికి రెండు నెలల ముందు, భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులు అర్హులు కారని తేల్చేసింది. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్లలో కొందరిది రద్దు చేశారు కూడా. కాలిఫోర్నియాలో అయితే 1913 చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాడికి భూమి కొనే హక్కు లేదు. 1946లో గాని మనకు తలుపు తెరవలేదు.

(ప్రశ్న: మా ఇల్లున్న స్థలం మొదట ఎవరిదో తెలుసుకోవచ్చా?)

తెలుసుకోవచ్చు. ముందు మీ ఆస్తి పన్ను కాగితంలో గాని, దస్తావేజులో గాని సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు చూడండి. కొత్త ప్లాట్లలో లాట్, బ్లాక్ మాత్రమే ఉంటాయి. అప్పుడు కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఆ లేఔట్ మ్యాపు అడిగితే పైన రాసి ఉంటుంది. సర్వేకి మూలమైన ఉత్తర-దక్షిణ గీతను ప్రధాన రేఖ (ప్రిన్సిపల్ మెరిడియన్) అంటారు; మిసిసిపీ నదికి పడమట అయితే ఐదో ప్రధాన రేఖ, తూర్పున చాలావరకు నాలుగోది. ఇది తప్పు పెడితే ఇంకెక్కడి భూమో వస్తుంది. ఆ నంబర్లతో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ల పట్టాల సైటులో వెతికితే పట్టా బొమ్మే కనబడుతుంది. ఏ చట్టం కింద ఇచ్చారో కూడా ఉంటుంది. హోమ్‌స్టెడ్ అయితే దాని మీది నంబరు రాసుకుని వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి పంపి ఫైలు కాపీ కోరండి. డబ్బు కట్టాలి, కొంత సమయం పడుతుంది. నేను చెప్పిన సాక్షుల జవాబులు అందులోనే ఉంటాయి. ఇల్లు ఎంత, ఎన్ని ఎకరాలు దున్నారు, ఎన్ని పంటలు తీశారు అన్నీ. ఒక సంగతి, పట్టాలో ఉన్న పేరు ఫైల్లో మరోలా కనబడితే కంగారు పడకండి. మనిషి ఒక్కడే అయ్యుంటాడు, ప్రమాణపత్రం లోపల ఎక్కడో ఉంటుంది, చివరిదాకా తిప్పి చూడండి.